ఐదున్నర, ఎనిమిదిన్నర

కాగితం విషయంలో నేను అబద్ధం చెప్పగా విన్నవాళ్ళు లేరు. నరసరావుపేటలో మా ప్రెస్సుకి వచ్చే ఎవరినైనా అడగండి. నిఖత్ నోరు మంచిది కాదంటారు గానీ, కాగితం పట్టుకుని చెప్పిన మాట తప్పిందని మాత్రం అనరు. అరవై జీఎస్ఎం మందమని బిల్లు రాసి యాభై నాలుగు పంపిన గుంటూరు హోల్‌సేల్ వాణ్ణి, ఒక్క షీటు రెండు వేళ్ళ మధ్య నలిపి చూసి, ఫోన్లోనే ఉతికి ఆరేశాను. ఆ విద్య మా నాన్న అబ్దుల్ మజీద్ పెట్టిన భిక్ష. నా చిన్నప్పుడు కళ్ళకి గుడ్డ కట్టి, చేతిలో కాగితం పెట్టి "ఏందిది చెప్పు" అనేవాడు. మ్యాప్‌లిథో నున్నగా జారుతుంది. క్రీమ్‌వోవ్ కాస్త గరుకు. ఆర్ట్ పేపర్ ఎండాకాలంలో కూడా చల్లగా తగులుతుంది. తప్పు చెబితే ఆ పూట సైకిల్ ఎక్కనిచ్చేవాడు కాదు.

ఆ విద్యే మొన్న మంగళవారం పొద్దున పదకొండింటికి నా పీకకి చుట్టుకుంది.

నేను కంప్యూటర్ ముందు ఒక పెళ్ళికార్డు సరిచేస్తున్నాను. లోపలి గదిలో మా ఆయన వాజిద్ మిషన్ తిప్పుతున్నాడు. బయట తెల్లకారు ఆగింది. త్రికోటేశ్వరరావు దిగాడు, వెనకే డ్రైవర్ యల్లమంద. త్రికోటేశ్వరరావుది ఈపూరు అవతల ఊరు. ఒకప్పుడు సర్పంచి. ఇప్పుడు పదవి లేదు గానీ ఆ ఊళ్ళో ఆయన్ని కాదని కుక్క కూడా మొరగదు. మా నాన్నకి బాగా పరిచయం, అందుకే బాబాయ్ అంటాను. వాళ్ళమ్మాయి పెళ్ళికార్డులు నేనే వేశాను. ఇంకో ప్రెస్సు వాడు మూడొందల జీఎస్ఎం అని చూపించిన అట్టని పట్టుకుని చూసి, రెండొందల యాభయ్యే అని చెప్పాను. అప్పటి నుంచి ఎక్కడ కూర్చున్నా నా వేళ్ళ గొప్ప చెబుతుంటాడట.

"బాగుండావా అమ్మాయ్? మీ నాయన పోయినాక ఇటు రావటమే కుదర్లా" అంటూ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. టీ తెప్పిస్తానంటే తెప్పించమన్నాడు. ఆయన ఎప్పుడూ గొంతు పెంచడు. మూడేళ్ళ కిందట ఆయన్ని తిడుతూ ఫ్లెక్సీ అచ్చు వేసిన సుధీర్ బాబుతో కూడా ఇలాగే మెత్తగా మాట్లాడాడట. సుధీర్ బాబు కుడిచేతి వేళ్ళు నాలుగు విరిగాయి. తలుపు సందులో పడ్డాయని పోలీసులకి తనే చెప్పుకున్నాడు. ఇప్పుడు వాళ్ళావిడ టిఫిన్ బండి దగ్గర ఎడమచేత్తో అట్లు తిప్పుతున్నాడు.

టీ తాగాక జేబులోంచి మడత కాగితం ఒకటి తీసి నా ముందు పరిచాడు.

"ఇది ఏ ప్రెస్సులో పడిందో నీ యేళ్ళు చెప్పాల."

కరపత్రం అది. "గోరీల మీద ట్రాక్టర్ తోలినవాడు మనిషేనా?" అని పైన పెద్దక్షరాలు. వాళ్ళ ఊళ్ళో క్రైస్తవుల సమాధుల స్థలం చుట్టూ ఆయన కంచె వేయించి మిరప నాటించాడని కింద రాసి ఉంది. అడుగున ప్రెస్సు పేరు లేదు.

చేతిలోకి తీసుకున్నాను.

యాభై నాలుగు జీఎస్ఎం క్రీమ్‌వోవ్. తెలుపూ కాదు, పసుపూ కాదు, వెలుతురుకి పెడితే లేత ఆకుపచ్చ జీర. ఎవరో వద్దని తిప్పి పంపిన లాటు గుంటూరులో పడి ఉంటే, రంజాన్‌కి ముందు నేనే ఏరి తెచ్చుకున్నాను. పల్నాడు మొత్తం మీద ఆ కాగితం మా ప్రెస్సులో తప్ప ఇంకెక్కడా లేదు.

లోపల మిషన్ ఆగింది. వాజిద్ చేతులు గుడ్డతో తుడుచుకుంటూ వచ్చాడు. కాగితాన్ని చూశాడు, నన్ను చూశాడు, తల దించేసుకున్నాడు. పోయిన ఆదివారం నేను మాచర్లలో మా చెల్లెలింటికి వెళ్ళాను. నేను లేనప్పుడు ఇది మా మిషన్ మీదే పడిందని ఇంక నాకు ఒకరు చెప్పక్కర్లేదు.

మాదేనంటే వాజిద్ చేతులు పోతాయి. ఫలానా ప్రెస్సుదంటే వాళ్ళ చేతులు పోతాయి. తెలియదంటే ఆయన నమ్మడు, నా గొప్ప ఊరంతా చాటింది ఆయనే కదా!

"ఇది ప్రెస్సు అచ్చే కాదు బాబాయ్" అన్నాను. "ఆఫీసుల్లో కాపీలు తీసే మిషన్ ఉంటుంది చూడండి, దాంట్లో తీసిందిది. ఏ4 కాగితాన్ని మధ్యకి కోశారు."

యల్లమంద మా ప్రింటర్ ట్రేలోంచి ఒక ఏ4 లాగి, మధ్యకి మడిచి, దాని మీద కరపత్రాన్ని పెట్టాడు. కుదర్లేదు. కరపత్రం పొడుగు కాస్త ఎక్కువుంది, వెడల్పు తగ్గింది.

"తేడా వచ్చిందే" అన్నాడు త్రికోటేశ్వరరావు.

ఎందుకు రాదు! పద్దెనిమిది, ఇరవైమూడు అంగుళాల డెమీ షీటుని ఎనిమిది ముక్కలు చేసి అంచులు కత్తిరిస్తే ఐదున్నర, ఎనిమిదిన్నర వస్తుంది. ప్రెస్సుల్లో వేసే కరపత్రాల కొలతే అది. ఏదో ఒకటి చెప్పాలి, ఇప్పుడే చెప్పాలి. అంతలో తట్టింది.

"అయ్యో, పొరబడ్డాను బాబాయ్. ఇది లెటర్ సైజు. ఎనిమిదిన్నర, పదకొండు. దాన్ని మధ్యకి కోస్తే ఐదున్నర, ఎనిమిదిన్నర. కావాలంటే కొలుచుకోండి."

యల్లమంద స్కేలు పెట్టి కొలిచాడు. వెంట్రుకవాసి తేడా లేకుండా సరిపోయింది. సిగ్గు లేకుండా చెబుతున్నాను, ఆ క్షణంలో నా తెలివికి నేనే మురిసిపోయాను.

"ఆ సైజు ఎవరు వాడతారమ్మా ఇక్కడ?"

"ఇక్కడెవరూ వాడరు. అమెరికా కొలత అది. మన కొట్లలో దొరకదు. ఎక్కడో దూరాన చేయించుకొచ్చి ఉంటారు" అన్నాను. పీడ హైదరాబాదుకో చెన్నైకో పోతుందని నా లెక్క.

ఆయన నవ్వాడు.

"దూరం గాదులే అమ్మాయ్, మా ఊరే. చర్చి వాళ్ళ మిషను బడికి అమెరికా నించి డబ్బాలు రావూ, పుస్తకాలనీ కాగితాలనీ? ఆ ఆఫీసులో కంప్యూటర్ కొట్టే పిల్ల ఉంది... ఏం పేరురా దానిది?"

"సలోమి" అన్నాడు యల్లమంద.

నా నోరు పడిపోను! సలోమి నాకు తెలుసు. పోయిన క్రిస్మస్‌కి ప్రార్థన కార్యక్రమం అచ్చు వేయించడానికి వచ్చింది. ఆమె తెచ్చిన ఫైలు మా పేజీలో కుదరక అడుగు లైన్లు తెగిపోతుంటే, "మాకు అమెరికా కాగితం వస్తది అక్కా, కంప్యూటర్లో గూడా ఆ కొలతే పెట్టుకున్నాం" అని నవ్వింది. మర్నాడు కేకు తెచ్చి తినేదాకా కదల్లేదు. ఈ కొలత నా బుర్రలోకి ఎక్కడి నుంచి ఊడిపడిందో అప్పుడర్థమైంది.

"కాదు బాబాయ్, ఆ అమ్మాయి అట్లాంటిది..." అనబోయాను. ఆయన అప్పటికే మెట్లు దిగుతూ ఫోన్లో చెబుతున్నాడు. "ఒరేయ్, మిషను బడి ఆఫీసులో పిల్లని కదలనీయమాకండి. నేనొస్తన్నా."

కారు వెళ్ళిపోయింది. నేను వాజిద్ మీద పడ్డాను.

"ఎవరి కోసం వేశారు? నాకొక్క మాట చెప్పాలని లేదా మీకు? అంత పెద్ద మొగాడైపోయారా?"

"ఆ ఊరి సుందరరావు మాస్టారు వచ్చి ఏడ్చాడు నిఖత్" అన్నాడు. "వాళ్ళమ్మ పున్నమ్మ గోరీ ఎక్కడుందో గూడా తెలవకుండా దున్నేశారంట. మన కబరస్తాన్ మీద తోలితే మనకెట్టా ఉంటది చెప్పు? మూడొందలు వేసిచ్చా. చెబితే నువ్వు వద్దంటావని చెప్పలా."

వద్దనేదాన్నే. నూరుసార్లు వద్దనేదాన్ని.

సలోమికి ఫోన్ చేశాను. మొదటి రింగుకే ఎత్తింది. "అక్కా, ఇద్దరొచ్చి గుమ్మానికి అడ్డంగా నిలబడ్డారు. ఎందుకో చెప్పటంలా. త్రికోటేశ్వరరావు గారు వస్తన్నారంట. నేనేం జేశానక్కా?" అంటోంది. వాజిద్ పోలీసులకి ఫోన్ చేశాడు. పేరు, ఊరు, అడ్రసు అన్నీ రాసుకుని, పంపిస్తామన్నారు. సుధీర్ బాబుకీ ఆ రోజు పంపిస్తామనే అన్నారు.

పేటలో బయల్దేరిన కారు ఆ ఊరు చేరడానికి ముప్పావు గంట. పావు గంట అప్పుడే అయిపోయింది. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, ఊరుకుంటే పోలా అనిపించింది. సలోమి నాకేమవుతుంది? ఆ పిల్ల ఏమీ చేయలేదు కాబట్టి ఏమీ కాదులే అనుకోబోయాను. నా బుద్ధి గడ్డి తిన్నది. ఏమీ చేయలేదని చెబితే నమ్మే మనిషా ఆయన! స్కేలు పెట్టి కొలిచి మరీ నమ్మించింది నేనే కదా.

వాజిద్ అడ్డం పడేలోపే త్రికోటేశ్వరరావుకి ఫోన్ కలిపాను.

"బాబాయ్, నేను అబద్ధం చెప్పాను. ఆ కాగితం మాది. డెమీలో ఎనిమిదో వంతు. లెటర్ సైజు కాదు, పాడూ కాదు. కొలత ఒకటే వస్తుంది కాబట్టి అట్లా చెప్పాను. ఆ లాటు కాగితం ఇంకా నా దగ్గరుంది, వచ్చి చూసుకోండి. ఆ పిల్లకేమీ తెలియదు."

అవతల కారు ఆపమని యల్లమందకి చెప్పడం వినబడింది.

"ఎవరేశారు?" అన్నాడు.

"నేనే" అన్నాను. వాజిద్ ఫోన్ లాక్కున్నాడు. "ఆమె గాదయ్యా, నేనేశా. ఆమె ఊళ్ళోనే లేదు" అన్నాడు.

"ఇద్దరూ అక్కడే ఉండండి" అని మెత్తగా చెప్పి పెట్టేశాడు.

పది నిమిషాలకి సలోమి ఫోన్ చేసింది. ఏడుస్తూ నవ్వుతోంది. "వెళ్ళిపోయారక్కా! ఎవరో ఫోన్ చేస్తే వెళ్ళిపోయారు. దేవుడు చానా గొప్పోడక్కా." ఇంటికెళ్ళి తలుపేసుకోమన్నాను.

వాజిద్ పక్క కొట్ల వాళ్ళకి విషయం చెప్పి, కాసేపు వచ్చి మాతో కూర్చోమని అడిగాడు. మెడికల్ షాపాయన, భోజనానికి వెళ్ళాలంటూ షటర్ దించేశాడు. ఆయన్ని చూసి ఎదుటివాడూ దించేశాడు.

"గుంటూరు బస్సు ఇప్పుడే ఉంది. పోదాం పద" అన్నాడు వాజిద్. నేను లేచాను. హ్యాండ్‌బ్యాగ్ కూడా భుజానికి తగిలించుకున్నాను. గుమ్మం దాకా వెళ్ళాక కాలు ముందుకి పడలేదు.

"మనం కనబడకపోతే ఆయన మళ్ళీ ఎక్కడికి పోతాడండీ?"

సలోమి దగ్గరికేనని నాకెంత తెలుసో వాజిద్‌కీ అంతే తెలుసు. లోపలికొచ్చి రెండు కుర్చీలు వేశాడు. నేను బ్యాగ్ తీసి బల్ల మీద పెట్టి అతని పక్కన కూర్చున్నాను. వీధి చివర తెల్లకారు మలుపు తిరిగింది.