బెలూన్ అనే మాట ఇంటికొచ్చిన వారం

కోడలు నిఘంటువు ఆఫీసు నుంచి వచ్చే వేళకి అత్తయ్య తలుపు తీసి ఉంచుతుంది. చెప్పులు విప్పకముందే అడుగుతుంది.

"ఇవాళేం తెచ్చావమ్మాయ్?"

పగలు ఏ మాటకు అర్థం రాస్తే, సాయంత్రం ఆ వస్తువు కోడలి వెంట ఇంటికొస్తుంది. ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ అంతే. బర్రె రాసిన రోజు లిఫ్టు చెడిపోయింది. బల్లి రాసిన వారం ఇద్దరికీ కునుకు లేదు. వచ్చినవాటిని అత్తయ్య అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ ఇచ్చేస్తుంది. వాచ్‌మన్ గేటు తీస్తూ, "మళ్ళీ పెద్దదేం కాదు గదమ్మా?" అని మాత్రం అంటాడు.

ఇంట్లో ఉండేది వాళ్ళిద్దరే. అత్తయ్య కొడుకు, అంటే కోడలి భర్త, రెండేళ్ళ కిందట గుండెనొప్పితో పోయాడు. "బెలూన్ వెయ్యాలి. మా దగ్గర ఆ ఏర్పాటు లేదు, పెద్దాసుపత్రికి తీసుకెళ్ళండి" అన్నారు దగ్గర్లోని ఆసుపత్రివాళ్ళు. దారిలోనే పోయాడు. అప్పటి నుంచి ఒకరు వండుతారు, ఒకరు గిన్నెలు కడుగుతారు. ఉప్పు ఎక్కువైనా తక్కువైనా ఎవరూ ఏమీ అనరు.

ఆ వారం సంపాదకుడు పంచిన మాటల్లో బెలూన్ కోడలి వంతుకు వచ్చింది. ఆయనకు ఏమీ తట్టినట్టు లేదు. ఆమె కూడా "సరేనండీ" అని తీసుకుంది.

పుట్టుక దగ్గర మొదలుపెట్టింది. ఇటలీవాళ్ళు పెద్ద బంతిని పల్లోనే అనేవారు. ఆ మాట ఫ్రెంచివాళ్ళ నోట పడి అరిగి, ఇంగ్లీషువాళ్ళ దగ్గరికొచ్చేసరికి బెలూన్ అయింది. ఎగరడం దానికి తర్వాత అబ్బిన విద్య. మొదట్లో అది దెబ్బలు తినే బంతి. ఆ సాయంత్రం ఒక తోలుబంతి లిఫ్టు కోసం ఆగకుండా మెట్లెక్కి ఆమె వెనకే వచ్చింది.

"బెలూనంటే ఇదా?" అంది అత్తయ్య.

"తాతలనాటిది అత్తయ్యా."

మర్నాడు వేడిగాలి గుమ్మటం వచ్చింది, కింద బుట్టతో సహా. డాబా మీద పిట్టగోడకు కట్టేశారు. దాని తాళ్ళ మీద దుప్పట్లు ఆరేద్దామని అత్తయ్య మెట్లెక్కుతూ మధ్యలో ఆగింది. గుండె మీద చెయ్యి వేసుకుని గోడకు ఆనుకుంది. ఈమధ్య అలా ఆగుతోంది.

"ఏమైంది?"

"గ్యాసులే."

కోడలు దుప్పట్లు తీసుకుని తనే పైకెళ్ళింది.

పిల్లలు ఊదుకునేదానికి బూర, బుడగ అని రెండు పేర్లూ రాసింది. వచ్చిన ఎర్రబూరను కింది అంతస్తులో పాపకిస్తే కాసేపట్లోనే ఢామ్మనిపించింది. ఆ తర్వాత బొమ్మల కథల్లో మనుషుల తలపక్కన మాటలు రాసే తెల్లబుడగ వచ్చింది. భోజనాల బల్ల మీద గాల్లో నిలబడింది. దాని తోక మెల్లగా తిరిగి తిరిగి, పోయినతను కూర్చునే కుర్చీ వైపు ఆగింది. ఇద్దరూ చేతులు కంచాల్లోనే ఉంచి చూశారు. లోపల ఒక్క అక్షరమూ పడలేదు.

"చల్లారిపోతోంది, తిను" అంది అత్తయ్య.

శుక్రవారం సంపాదకుడు ఆమె రాసిందంతా చదివి, చివరి అర్థం కొట్టేశాడు.

"ఆసుపత్రి గొడవలు మనకెందుకమ్మా? చోటు చాలదు."

"అది ఉండాలండీ."

"డాక్టర్ల నిఘంటువులు వేరే ఉన్నాయిగా."

"మా ఆయనకు వెయ్యాల్సింది అదేనండీ."

ఆమె గొంతు పెరగలేదు, తగ్గలేదు. కుర్చీలోంచి లేవనూ లేదు. ఆయన కలం మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు. తర్వాత బూర గురించిన రెండు వాక్యాలు తీసేసి చోటు చేశాడు.

ఆ సాయంత్రం ఆమె వెనక ఏమీ కనిపించలేదు.

"ఉత్త చేతులతోనే వచ్చావా?"

కోడలు గుప్పిట విప్పింది. సన్నటి తీగ, దాని కొసన బియ్యపుగింజంత బుడగ.

"మూసుకుపోయిన నాళంలోకి పంపి, దీన్ని ఉబ్బిస్తారట. నెత్తురికి దారి వస్తుంది."

"ఇంత చిన్నదా?"

"ఇంతే అత్తయ్యా."

"మా వాడికి అందనిది ఇదా?"

"ఇదే."

దాన్ని మాత్రం అత్తయ్య ఎవరికీ ఇవ్వలేదు. సాసర్లో పెట్టి, మంచం పక్కన ఉంచుకుని పడుకుంది. పొద్దున చూస్తే సాసరు ఖాళీ. దుప్పటి దులిపారు, మంచం జరిపారు. దొరకలేదు. వెతకడం మానేసి టీ పెట్టుకున్నారు.

తర్వాత కొన్నాళ్ళకు కోడలు బలవంతం చేస్తే అత్తయ్య పెద్దాసుపత్రికి వచ్చింది. డాక్టరు గుండె బొమ్మను వెలుతురుకు పట్టి చూశాడు.

"బెలూన్ ఎక్కడ వేయించుకున్నారమ్మా? చాలా శుభ్రంగా వేశారు. వెయ్యకపోతే ఈపాటికి మీరు ఉండేవారు కాదు."

"మా కోడలు తెచ్చిందండీ" అంది అత్తయ్య.

"మంచి పని చేసింది. ఇంకేం భయం లేదు, చాలా ఏళ్ళు ఉంటారు" అని డాక్టరు తర్వాతి మనిషిని పిలిచాడు.

బయటికొచ్చి బస్టాపులో కూర్చున్నారు.

"ఆ రాత్రి నొప్పి పుట్టిందా అత్తయ్యా?"

"లేదమ్మాయ్. తెల్లారగట్ల లోపల కాస్త వెచ్చగా అనిపించింది, అంతే." కొంగు సర్దుకుంటూ, "వాడికీ అంతే ఉండేదేమో" అంది.

కోడలు బస్సు కోసం రోడ్డు వైపు చూసింది.

"చాలా ఏళ్ళంటాడేమిటి ఆ డాక్టరు? అన్నేళ్ళు ఏం చేస్తాం మనం?"

కోడలు అత్తయ్య చేతిని ఒళ్ళోకి తీసుకుని మణికట్టు పట్టుకుంది. చర్మం కింద నాడి వేలికి తగులుతోంది, తగులుతోంది. వాళ్ళ బస్సు వచ్చి ఆగింది, జనం ఎక్కారు, వెళ్ళిపోయింది. ఆమె వేలు తియ్యలేదు.