పొర

జగ్గయ్యపేట సిమెంటు ఫ్యాక్టరీలో గొట్టాల లోపల పట్టి దారి మూసే పొరను గడ్డపారతో పొడిచి రాల్చడం ఫ్రాన్సిస్ పని.

ఆయాసమొస్తుందంటే నందిగామ డాక్టరు చెప్పాడు. "గుండె రక్తనాళం గోడలోకే కొవ్వు దిగిందయ్యా. దాన్ని తినడానికొచ్చిన కణాలు అక్కడే చచ్చి జావలా పేరుకున్నాయి. పైనున్న పల్చటి పొర చిట్లితే రక్తం గడ్డకట్టి దారి మూసుకుపోతుంది. మాత్రలు మానొద్దు, మెట్లెక్కొద్దు."

"పొర సంగతి నాకు చెప్తన్నాడే. కుదిపితే రాలని పొరుందా?" అని ఫ్రాన్సిస్ భార్య దగ్గర నవ్వాడు. మాత్రలు మానేసి, రోజూ ఫ్యాక్టరీ మెట్లు పరుగున ఎక్కసాగాడు.

ఓ పొద్దున పైమెట్టు మీద ఛాతీ పట్టుకుని కూలబడ్డాడు. లోపలి పొర చిట్లింది.

"రాలిందిరా," అన్నాడు మురిసిపోతూ.

వెనకే ఎక్కొచ్చిన తోటి కార్మికుడు కృపారావుకి చావుకళ తెలుసు. "రాలిందన్నా," అని, ఎండ పడకుండా తన హెల్మెట్ అతని మొహానికి అడ్డుపెట్టాడు.