ముప్పై ఏడో గాయపత్రం

బ్యానరుకి కర్ర దూర్చే మడత నాలుగు వేళ్ళ వెడల్పు ఉండాలి. మూడు వేళ్ళయితే లావుపాటి కర్ర దూరదు, అయిదయితే కర్ర లోపల తిరుగుతూ బట్టని వంకర చేస్తుంది. పెద్ద బ్యానరుకి అక్షరాల మధ్య అక్కడక్కడా చిన్న కన్నాలు కత్తిరించాలి, లేకపోతే గాలి పట్టుకుని మోసేవాళ్ళని వెనక్కి లాగేస్తుంది. ఇవన్నీ టైలరమ్మకి ఎవరూ నేర్పలేదు. పదహారేళ్ళుగా ఏటా హక్కుల సంఘం ర్యాలీకి ఒక బ్యానరు కుడుతోంది కాబట్టి ఆమె చేతులకే తెలుసు. ఆ బ్యానరు రాజధాని వీధుల్లో ఎలా ఎగురుతుందో మాత్రం పేపర్లో ఫొటో చూడటమే తప్ప ఆమె ఎన్నడూ ఎరగదు.

ఈ ఏడు మడత మూడు వేళ్ళు చాలన్నాడు ఆమె భర్త. సన్న కర్రలు తెప్పిస్తున్నాడట. తీరా వచ్చినవి లావు కర్రలు. ర్యాలీకి అయిదు రోజుల ముందు, ఆమె మిషను మీద వంగి చివరి అక్షరం కుడుతుంటే, ఆయన కర్ర తెచ్చి మడతలో దూర్చబోయాడు. దూరలేదు. ఇదేం కుట్టని అడిగాడు. "మీరిచ్చిన కొలతేనండీ" అంది ఆమె. ఆ ఒక్క మాటే అంది. మొదటి దెబ్బ ఎడమ భుజం మీద పడింది. రెండోది అక్కడే పడింది. మూడోదానికి ఆమె మిషను చక్రం రెండు చేతులతో పట్టుకుని తల దాచుకుంది కాబట్టి కర్ర మిషను బల్లకి తగిలి చివర చీలింది. చీలిన కర్ర చూసుకుని ఆయనకి ఇంకా కోపమొచ్చింది, అది సంఘం కర్ర మరి. కాసేపటికి చొక్కా కాలరు సరిచేసుకుని మీటింగుకి వెళ్ళిపోయాడు. ఆమె బ్లేడుతో ఆ కుట్టంతా విప్పి నాలుగు వేళ్ళకి మళ్ళీ కుట్టింది. ఏడుస్తూ కుడితే కుట్టు వంకరపోతుందని ఏడవలేదు.

ఆయన హక్కుల సంఘం కార్యదర్శి. ఊళ్ళో అందరూ కార్యదర్శిగారనే పిలుస్తారు. చివరికి కన్నతల్లి కూడా మా కార్యదర్శి భోంచేశాడా అని అడుగుతుంది. ఇంట్లో పులి వీధిలో పిల్లి అన్న సామెత ఆయనకి సరిపోదు, ఆయన రెండు చోట్లా పులే. జైలుకెళ్ళాడు, లాఠీ దెబ్బలు తిన్నాడు, ఇళ్ళు కూలగొట్టబడ్డవాళ్ళ కోసం గొంతు చించుకున్నాడు. అవన్నీ నిజాలే, అదే చిక్కు. మొగుడు తాగుబోతయితే నలుగురికీ చెప్పుకోవచ్చు. మంచివాడని ఊరంతా చేతులెత్తి దండం పెట్టే మనిషి గురించి ఎవరితో ఏమని చెప్పుకుంటుంది? పెళ్ళయిన కొత్తలో ఒకసారి పక్కింటావిడతో నోరు విప్పబోతే, మీకేమమ్మా, అలాంటి మొగుడు దొరకాలంటే రాసిపెట్టుండాలి అని ఆవిడ ముందే నిట్టూర్చింది. విప్పబోయిన నోరు ఇంకేదో మాట్లాడి మూసుకుంది.

దెబ్బలు పడ్డ రోజున అత్తగారు వేడినీళ్ళలో గుడ్డ ముంచి కాపడం పెట్టింది. ఆమె చెడ్డ మనిషి కాదు. తన మొగుడి చేతి దెబ్బలకి తనే కాపడం పెట్టుకున్న మనిషి. "ఊరందరి కోపమూ వాడే మోస్తాడమ్మాయ్. మోసేవాడు ఎక్కడో ఒకచోట దించుకోవాలి కదా" అంది. ఇంట్లో ఇన్ని గోడలుండగా తన భుజమే ఎందుకని కోడలు అడగలేదు. పెదవి దాటితే పృథివి దాటుతుంది, ఎక్కడా అనకు అని కూడా చెప్పింది అత్తగారు. చెప్పక్కర్లేదు. అనకుండా ఉండటానికి కావలసినవన్నీ టైలరమ్మ ఎప్పుడో కుట్టుకుంది. ఊళ్ళో ఆడపిల్లలకి చేతుల్లేని గౌన్లు కుట్టే మనిషి తన బట్టలకి మాత్రం మెడ మూసి, చేతులు మణికట్టు దాకా పెట్టుకుంటుంది. ఎండాకాలం కూడా అంతేనా అని ఎవరైనా నవ్వితే తనూ నవ్వుతుంది.

ఈ ఏడు ఆమె ర్యాలీకి వెళ్ళడం సంఘం లాయరమ్మ వల్ల జరిగింది. ఏటా ర్యాలీలో దెబ్బలు తిన్నవాళ్ళ గాయాలు కొలిచి రాసే నర్సు మెట్ల మీంచి పడి కాలు విరగ్గొట్టుకుంది. చేతిరాత బాగుండి కొలతలు తెలిసిన మనిషి కావాలని లాయరమ్మ ఫోను చేస్తే, కార్యదర్శిగారు టిఫిను తింటూ స్పీకరు నొక్కాడు. "మీ ఆవిడుంది కదండీ, టేపు పట్టుకుని పుట్టిన మనిషి" అందావిడ. ఇంట్లో పనుంటుందని చెప్పడానికి హక్కుల సంఘం కార్యదర్శికి నోరు రాలేదు. ఫోను పెట్టేశాక, కూర్చుని రాసిపెట్టు, మాట్లాడబోకు అని మాత్రం చెప్పాడు. మూడు గంటల బస్సు ప్రయాణంలో మడిచిన బ్యానరు ఆమె ఒళ్ళోనే ఉంది.

గాయపత్రమంటే ఒక కాగితం. దాని మీద దెబ్బలు తిన్న మనిషి పేరుండదు, పేరుంటే పోలీసులు వెతుక్కుంటూ ఇంటికొస్తారు. వయసు, చేసే పని, గాయం ఎక్కడ, ఎంత పొడవు, ఏ రంగు, ఎప్పుడు తగిలింది, దేంతో కొట్టారు, ఏం చేస్తుండగా కొట్టారు, కొట్టిందెవరు. ఇవే గళ్ళు. సాయంత్రం గ్రంథాలయం మెట్ల మీద సభ జరుగుతుంది. కార్యదర్శి ఒక్కొక్క పత్రమూ చదువుతాడు. చివరి గడి దగ్గర ఆగుతాడు. జనమంతా ఒక్క గొంతుతో "కొట్టిందెవరు?" అని అడుగుతారు. అప్పుడాయన పోలీసు బిళ్ళ నంబరు చదువుతాడు. పాతికేళ్ళుగా నడుస్తున్న రివాజు. పత్రాల్ని ముందుగా చూసుకోననీ, మైకు ముందు మొదటిసారి చదివితేనే రక్తం మరుగుతుందనీ ఆయన గొప్పగా చెప్పుకుంటాడు. ఇంట్లో అద్దం ముందు ఆ ఆగడం ఎన్నిసార్లు సాధన చేస్తాడో టైలరమ్మకే తెలుసు.

పదకొండింటికి ర్యాలీ శాసనసభ దారికి అడ్డంగా పెట్టిన ఇనుప కంచె దగ్గరికొచ్చింది. గ్రంథాలయం చదువుల గదిలో బల్ల వేసుకుని కూర్చున్న టైలరమ్మ కిటికీలోంచి చూసింది. తను కుట్టిన ఎర్ర బట్ట ముందు వరసలో ఎగురుతోంది, ఎక్కడా ముడత లేదు. గర్వంగా అనిపించింది. అంతలో ఈల వినిపించింది. నీళ్ళ ఫిరంగి తిరిగి, ముందు వరసని చీపురుతో ఊడ్చినట్టు ఊడ్చేసింది. పడ్డవాళ్ళు లేవకముందే లాఠీలు లేచాయి. ఒక ముసలాయన రెండు చేతులూ తల మీద పెట్టుకుని కూర్చుంటే ముగ్గురు చుట్టూ నిలబడి కొట్టారు. ఒక కండక్టరమ్మని జుట్టు పట్టి రోడ్డు మీద ఈడ్చారు. గాల్లోకి లేచిన ప్రతి లాఠీ ఎక్కడ పడుతుందో ఆమెకి ముందే తెలిసిపోతోంది. భుజం, వీపు, మోచెయ్యి, ఇప్పుడు తల దాచుకోవాలి, ఇప్పుడు ఒత్తిగిలాలి. తనకి తెలియకుండానే కుర్చీలో వంగిపోతోంది. కొట్టడమయ్యాక ఒక పోలీసు టోపీ సరిచేసుకున్నాడు. ఆ సరిచేసుకోవడం ఆమె ఇంతకుముందు చూసిందే. ఎక్కడ చూసిందో గుర్తుచేసుకోవాల్సిన అవసరం లేదు.

తరవాత నాలుగు గంటలు తల ఎత్తలేదు. రక్తం కారుతున్నవాళ్ళు, చెయ్యి విరిగినవాళ్ళు, ఊడిన పన్ను చేత్తో పట్టుకుని వచ్చినవాళ్ళు. మెడలో టేపుతో ఆమె కొలుస్తోంది, రాస్తోంది. కండక్టరమ్మ నడుము మీద బూటు గుర్తు ఉంది. పని అడిగితే, "టికెట్లు కొడతానమ్మా, ఇవాళ వాళ్ళు నన్ను కొట్టారు" అని ఆవిడ నవ్వబోయి నొప్పికి ఆగిపోయింది. ముసలాయన ఒంటి మీద తొమ్మిది దెబ్బలున్నాయి. ఒక్కొక్కటీ కొలిచేసరికి టేపు ఎర్రబడింది.

మధ్యలో ఒక నాయకుడు చొక్కా విప్పి వీపు చూపించాడు. ఆమె ఒక్కసారి చూసి, ఇది ఇవాళ్టిది కాదండీ, వారం నాటిది అంది. ఇవాళ్టి దెబ్బ ఎర్రగా పొంగి ఉంటుంది, రేపటికి నీలమవుతుంది, నాలుగైదు రోజులకి ఆకుపచ్చకి తిరుగుతుంది, ఆ పైన అంచు నుంచి పసుపు. అబద్ధం ఒక్కటి దొరికినా మిగతా అన్నిటినీ కోర్టు కొట్టేస్తుందని పక్కనున్న లాయరమ్మ అతన్ని పంపించేసింది. పంపించి, ఇన్ని రంగులు నీకెలా తెలుసమ్మా అని అడిగింది. టైలర్ని కదండీ అంది ఆమె. లాయరమ్మ ఆ ఉక్కలో మణికట్టు దాకా ఉన్న జాకెట్టు చేతుల వంక చూసి ఇంకో కాగితం ముందుకు జరిపింది.

చివర్లో కార్యదర్శిగారు వచ్చాడు. వెనక పదిమంది ఉన్నారు. నుదుటి మీద లాఠీ దెబ్బ, నిజమైన దెబ్బే. ఆమె రక్తం తుడిచి టేపు పెట్టి రెండంగుళాలు అంది. మూడు రాయమన్నాడాయన. "రెండే ఉందండీ" అంది. ఆయన చుట్టూ ఉన్నవాళ్ళ వంక చూసి నవ్వాడు. మా ఆవిడ పిసినారి, నా గాయాన్ని కూడా కత్తిరించి ఇస్తుంది అన్నాడు. అందరూ నవ్వారు. నవ్వుతూనే ప్రేమగా ఆమె ఎడమ భుజం మీద చెయ్యి వేశాడు. బొటనవేలు సరిగ్గా ఆ చోట పెట్టి నొక్కాడు. కళ్ళ ముందు గది నల్లబడింది. ఆయన వంగి చెవిలో, "నాయకుడి గాయం కూడా కొట్టేశావట. ఇంటికి పద, కొలత నేర్పిస్తాను" అన్నాడు.

ఆమె రెండు అనే రాసింది. అది ముప్పై ఆరో పత్రం. ఆయన వెళ్ళిపోయాక కలం మూత పెట్టబోయింది. సాయంత్రం బస్సు, మూడు గంటలు, పక్క సీటు, తరవాత తలుపు. ఆ తలుపు చప్పుడు ఇక్కడ కూర్చునే వినబడింది. ఇవాళ పొద్దుట్నుంచి ముప్పై ఆరుమందిని, ఎవరు కొట్టారు, చెప్పండి, భయపడకండి అని అడిగింది. ఆ మాట పదహారేళ్ళలో తనని ఎవరూ అడగలేదు. తనని తను కూడా అడగలేదు. కలం మూత తీసి ఇంకో కాగితం ముందుకు లాక్కుంది.

లాయరమ్మ ఆ పత్రం చదివింది. ముఖం తెల్లబడింది. కిటికీ బయట జనం మెట్ల దగ్గర చేరుతున్నారు, మైకు సరిచేస్తున్నారు. "ఇవాళ తగిలినవే చదువుతామమ్మా. ఆ నియమం నువ్వే నిలబెట్టావు" అంది మెల్లగా.

"ఎప్పుడన్న గడిలో అయిదు రోజుల కిందట అనే రాశానండీ, అబద్ధం లేదు. ఈ ర్యాలీ పని చేస్తుండగా తగిలిందే."

లాయరమ్మ కిటికీలోంచి మైకు వంక చూసింది. సంఘం పరువు గుర్తొచ్చి ఉండాలి, పేపరువాళ్ళు గుర్తొచ్చి ఉండాలి. తలుపు గడియ పెట్టి భుజం చూపించమంది. చూసి, టేపు తీసుకుని తనే కొలిచింది. అయిదంగుళాలు. సాక్షి సంతకం చేసింది. పత్రాల కట్టలో పెట్టాక వెనక్కి తీసుకోవడం ఉండదంది. టైలరమ్మ తనే కట్టలో పెట్టి దారం కట్టింది.

సాయంత్రం మెట్ల నిండా, వీధి నిండా మనుషులు. ఆయన గొంతు ఖంగున మోగుతోంది. ముసలాయన తొమ్మిది దెబ్బలు చదివినప్పుడు జనం ఏడ్చారు. కండక్టరమ్మ బూటు గుర్తు చదివినప్పుడు పళ్ళు కొరికారు. కొట్టిందెవరు, కొట్టిందెవరు అని వీధి అదురుతోంది. ముప్పై ఆరోది వచ్చింది. అది తనదని గుర్తుపట్టి ఆయన నుదుటి కట్టు ఒకసారి తడుముకుని, "పొడవు, మూడంగుళాలు" అని చదివాడు. వెనక మెట్టు మీద కూర్చున్న ఆమె విన్నది.

"ముప్పై ఏడు. వయసు నలభై ఒకటి. పని, కుట్టుపని. గాయం ఎడమ భుజం మీద. పొడవు అయిదంగుళాలు. రంగు ఆకుపచ్చ, అంచున పసుపు. తగిలింది అయిదు రోజుల కిందట." ఆయన గొంతు కాస్త తడబడింది గానీ, వేగంగా పోతున్న బండి బ్రేకు వేయగానే ఆగుతుందా? "దేంతో కొట్టారు, బ్యానరు కర్రతో. ఏం చేస్తుండగా, ఈ ర్యాలీ బ్యానరు కుడుతుండగా." ఆగిపోయాడు. సాధన చేసిన ఆగడం కాదు.

జనానికి తెలియదు. రివాజు ప్రకారం అడిగారు. "కొట్టిందెవరు?"

ఆయన నోరు తెరిచాడు, శబ్దం రాలేదు. జనం ఆయన దుఃఖంతో మాట్లాడలేకపోతున్నాడనుకున్నారు. ఇంకా గట్టిగా అడిగారు. ఎర్ర బ్యానరు పట్టుకున్నవాళ్ళు కర్రలు నేలకేసి కొడుతూ అడిగారు. ఆయన కళ్ళు వెతుక్కుంటూ వచ్చి ఆమె దగ్గర ఆగాయి. ఇంట్లో చూసే చూపే. ఆమె లేచి, మెట్లు దిగి వచ్చి, ఆయన చేతిలోంచి కాగితం తీసుకుంది. ఆయన వదల్లేదు. ఆమె లాగింది. అంతమంది ముందు చెయ్యెత్తడం కుదరక వదిలాడు.

మైకు ఎత్తుగా ఉంది. దాన్ని తన నోటి దాకా వంచుకుంది. "కొట్టింది ఈ సంఘం కార్యదర్శి. నా భర్త" అని చదివింది. తన గొంతు వీధి చివర గోడకి తగిలి తిరిగొచ్చి తనకే వినబడింది. అంత పెద్ద గొంతు తనకుందని ఆమెకి తెలియదు.

కాగితం మళ్ళీ మిగతా పత్రాల మీద పెట్టి వెళ్ళబోతూ ఆగి, మళ్ళీ మైకు దగ్గరికి వంగింది.

"ఇంకొకటి. ముప్పై ఆరో పత్రంలో మూడంగుళాలని చదివారు. రెండే. కొలిచింది నేను."