ఉక్కబోత నాటి పిండి

పొంగిన పిండిలో వేలు గుచ్చి తీసింది ఆమె. గుంట మెల్లగా పూడుకుంది. ఇక ఓవెన్‌లో పెట్టొచ్చంది. ఎలా తెలుసని అడిగాడు భర్త. ముట్టుకుంటే తెలుస్తుందంది. ఆయన నవ్వాడు.

"అది జ్ఞానం కాదు, అలవాటు. ఎందుకో చెప్పగలిగితేనే తెలిసినట్టు."

వాళ్ళిద్దరూ పనిచేసే బేకరీకి ఆయన మేనేజరు. ఆమె ఎవరంటే, ఎవరూ కాదు. తెల్లారకముందే లేచి బస్తాలకొద్దీ పిండి పిసికేది ఆమె, జీతం వచ్చేది ఆయన పేర. అత్తగారి దృష్టిలో అది మొగుడికి చేతిసాయం. రొట్టె బాగుందని ఎవరైనా మెచ్చుకుంటే, మావాడు దగ్గరుండి చేయిస్తాడు మరి అనేది ఆ మహాతల్లి.

ఇప్పుడు బేకరీ యజమానురాలు రొట్టెల పని నేర్పే బడి పెడుతోంది. నేర్పడానికి మనిషి కావాలి. ఆ ఉద్యోగం మీద ఆమెకు ప్రాణం కొట్టుకుంది. తన పేరున ఒక్క జీతమైనా చేతికి రావాలి. ఆ మాట నోరు విడిచి చెప్పేసరికి, తను అప్పుడే దరఖాస్తు ఇచ్చేశానన్నాడు భర్త. "నువ్వెళ్లి ఏం చెప్తావ్? ముట్టుకోండి అనా?" పైగా పక్కన కూర్చుని, ప్రతిదీ ఎందుకలా చేస్తావో చెప్పమన్నాడు. పాఠాలు తయారు చేసుకోవాలట.

ఆమెకు ఒళ్ళు మండిపోయింది. కారణాలే కదా కావాలి, తీసుకో అనుకుంది. నిజం చెప్తే పెదవి విరిచిన మనిషి, అల్లి చెప్తే తలాడించాడు. ఉక్కకు మనం నీరసపడినట్టే పిండిని పొంగించే ఈస్టూ నీరసపడుతుందనీ, అందుకే ఆ రోజుల్లో ఈస్టు రెట్టింపు వేసి వేడినీళ్ళతో కలపాలనీ చెప్పింది. ఇదీ సూత్రమంటే అని మురిసిపోయాడు. అలాంటి రోజుల్లో ఆమె ఈస్టు తగ్గించి చల్లటి నీళ్ళు పోయడం ఇన్నేళ్ళూ ఆయన కళ్ళెదుటే జరిగింది. చూస్తే కదా!

ఆ ఉద్యోగానికి యజమానురాలు పరీక్ష పెట్టిన నాడు గాలి ఆడలేదు. చొక్కాలు వీపులకు అతుక్కుపోతున్నాయి. భర్త ఆ సూత్రాన్ని యజమానురాలి ముందు గడగడా అప్పజెప్పాడు. ఆవిడకు వ్యాపారం తెలిసినంతగా పిండి తెలియదు. అయినా ఎక్కడో అనుమానం తగిలి, గుమ్మం దగ్గర నిలబడ్డ ఆమె వైపు తిరిగింది.

"రోజూ పిసికేది నువ్వని విన్నాను. ఈయన చెప్పింది నిజమేనా?"

భర్త ఆమె వంక ధీమాగా చూశాడు. అవునని ఒక్క మాట అంటే ఆయన పరువు దక్కుతుంది. మనసులో జాలి కోసం వెతుక్కుంది ఆమె. దొరకలేదు. దొరకనందుకు బాధా కలగలేదు. అబద్ధాన్ని అంత సరిగ్గా తలకిందులుగా అల్లాలంటే, ఉక్కకు ఈస్టు రెచ్చిపోతుందన్న అసలు కారణం తనకు తెలిసుండాలని మాత్రం అప్పుడే తట్టింది. ఇన్నేళ్ళూ ఆ ముక్క తనకు తనే చెప్పుకోలేదు.

"ఆయన చదువుకున్న మనిషండీ, ఆయన చెప్పినట్టే ఒక వాయి ఆయన్నే కలపనివ్వండి" అంది కొంగు బిగిస్తూ. "పక్క బల్ల మీద ఇంకో వాయి నేను కలుపుతాను. ఏది ఎందుకలా అయిందో, నేర్చుకోడానికొచ్చే వాళ్ళకు నేను చెప్తాను."