నేను కాచని కాఫీ

2019 జూన్ తొమ్మిది, ఆదివారం. ఆ పూట తునిలోని ఒక ఇంట్లో ఆవపెట్టిన పనసపొట్టు కూర వండారు. శేషారత్నంగారు చాలా రోజుల తర్వాత మరో రెండు ముద్దలు అడిగి తిన్నారు. ఆ సంతోషంలో ఆవిడ భర్త వేణుమాధవరావుగారు చెయ్యి కడుక్కుని వచ్చి, ఒక ప్లాస్టిక్ గొట్టం మీద సన్నని రాగితీగ చుట్టడం మొదలుపెట్టారు. అలా పుట్టాను. నేను ఒక కాయిల్‌ని. బ్యాటరీ తగిలిస్తే నా కొన నుంచి ఊదారంగు మెరుపులు చిమ్ముతాను.

ఆయన లెక్కల మాస్టారుగా రిటైరయ్యారు. ఆవిడ ఊపిరితిత్తులు పాడై ఆక్సిజన్ మిషన్ మీద బతుకుతున్నారు. కరెంటు పోతే ఆ మిషన్ ఆగిపోతుంది. ఇన్వర్టరు ఎంతోసేపు మొయ్యదు. జనరేటరు ఉన్న తన అపార్టుమెంటుకు వచ్చెయ్యమని కాకినాడ నుంచి ఆవిడ తమ్ముడు పోరుతున్నాడు. ఆవిడకు ఇల్లు కదలడం ఇష్టం లేదు. ఇచ్చినదానికన్నా ఎక్కువ కరెంటు తిరిగిచ్చే కాయిల్ గురించి మాస్టారు ఫోన్‌లో చూసింది సరిగ్గా అప్పుడే.

ఆవిడ మంచం మీద కూర్చుని తీగ వదులుతుంటే ఆయన చుట్టారు.

"అంత బిగించకండి, తెగుతుంది. జడ అల్లినట్టు వెయ్యండి."

"నాకు జడ వెయ్యడం ఎప్పుడు నేర్పావు?"

"ఇప్పుడు నేర్చుకోండి."

నేను మొదటిసారి మెరిసినప్పుడు మాస్టారు ఆవిడ చేతికి ఒక పాత ట్యూబులైటు ఇచ్చారు. ఏ తీగా తగలకుండానే అది తెల్లగా వెలిగింది. ఆవిడ ఆయాసం మరిచి నవ్వారు. నా బతుకులో నిజంగా నేను సంపాదించింది ఆ నవ్వొక్కటే.

తర్వాత మాస్టారు మీటరు పెట్టి, అంకెలు గుణించి, "మూడింతలు!" అని అరిచారు. ఆయన గుణకారంలో తప్పులేదు. నా నుంచి లేచే విద్యుత్ అలల హోరుకి ఆ చవక మీటరు మతి తప్పింది. చెబుదామంటే నాకు నోరు లేదు. ఆయన వీడియో తీసి లోకానికంతా చూపించారు. బావమరిదికి ఫోన్ చేసి, మేము రావడం లేదన్నారు.

ఒక సాయంత్రం ఆవిడ అడిగారు. "అంత కరెంటు వస్తోంది కదండీ, కాఫీకి నీళ్ళు కాచిపెట్టండి, చూద్దాం."

నాకు కరెంటు కెటిల్ తగిలించారు. నేను శక్తికొద్దీ చిటపటలాడాను. చాలాసేపటికి ఆయన నీళ్ళలో వేలు పెట్టి చూశారు. తీగలు సరిచేసి, మళ్ళీ చూశారు. నీళ్ళు కుండలోంచి ముంచినట్టే ఉన్నాయి. కెటిల్ పట్టుకుని వంటింట్లోకి వెళ్ళి, పొగలు కక్కే గ్లాసుతో తిరిగొచ్చారు.

"ఇదిగో, మన కాయిల్ కాచిన కాఫీ."

ఆవిడ నెమ్మదిగా, గ్లాసు ఖాళీ అయ్యేదాకా తాగారు.

"బాగుందండీ. పాలు పొయ్యి మీద పొంగించేశారు కదూ? వాసన ఇక్కడిదాకా వచ్చింది."

ఆయన తల దించుకున్నారు.

"తమ్ముడికి ఫోన్ చెయ్యండి. నాకోసం మీరు అబద్ధాలాడే దాకా వచ్చాక, ఇంక ఇక్కడ పంతం దేనికి?"

మర్నాడే వెళ్ళారు. కార్తీకమాసం చివర్లో మాస్టారు ఒక్కరే తిరిగొచ్చారు.

ఆయన నన్ను పగలగొట్టలేదు, బీరువా మీద పెట్టి ఊరుకున్నారు. కొన్నాళ్ళకు ఆ వీడియో చూసి దొరబాబు అనే కుర్రాడు తుని వచ్చాడు. వాళ్ళమ్మదీ అదే జబ్బు.

"ఎంతైనా ఇస్తానండి. ఇలాంటిది ఒకటి చేసిపెట్టండి."

"ఇది పనిచెయ్యదు బాబూ. మీటరు తప్పు చూపించింది, నేను నమ్మేశాను."

"కరెంటోళ్ళు బెదిరించారాండి? నాతో చెప్పండి, ఎవరికీ చెప్పను."

మనుషులు చిత్రమైనవాళ్ళు. పొరపాటును ఒక్క మాటకే నమ్ముతారు. నిజం చెబితే దాని వెనక ఎవరున్నారని అడుగుతారు.

మాస్టారు కోప్పడలేదు. అతని ముందే ఫోన్ తీసి ఆ వీడియో చెరిపేశారు. "దీన్ని నమ్ముకుంటే మీ అమ్మకి ఊపిరాడదురా నాయనా," అన్నారు.

పక్క గదిలో, శేషారత్నంగారి కోసం కాకినాడలో కొని, సీలు కూడా తియ్యకుండానే మాస్టారు వెనక్కి తెచ్చిన ఆక్సిజన్ సిలిండరు ఉంది. దాన్ని ఇద్దరూ కలిసి దొరబాబు వచ్చిన ఆటోలోకి ఎక్కించారు. నా మెరుపుల్లో ఒక్కటీ లేని ఆ ఇనప సీసా ఎవరో తల్లికి ఊపిరి పోస్తుంది. నాకు అసూయ కలగలేదు.

ఆటో మలుపు తిరిగేదాకా మాస్టారు గుమ్మంలోనే నిలబడ్డారు. చీకటి పడుతోంది. లోపలికొచ్చి, చప్పుడు కాకుండా వీధి తలుపు వేశారు.