అత్తగారి ఆకలి

రోజూ తెల్లారగానే కంపెనీ బండి వచ్చి గేటు ముందు ఆగేది. కోడలు మూత బిగించిన స్టీలు డబ్బాని ఐసు పెట్టెలో పెట్టి ఇస్తే, డ్రైవరు మొహం పక్కకి తిప్పుకుని అందుకునేవాడు. ఆ డబ్బాలో ఉండేది అత్తగారి పొద్దుటి విరేచనం. కథ మొదట్లోనే ఈ మాట చెప్పడానికి రోతగానే ఉంది గాని, చెప్పకపోతే కథే లేదు.

డెబ్బై దాటినా అత్తగారికి కడుపునొప్పి అంటే ఏమిటో తెలియదు. రాళ్ళు తిన్నా హరాయించుకునే మనిషి. పేగుల్లోని సూక్ష్మజీవుల మీద పరిశోధన చేసే కోడలు సరదాకి ఒకసారి పరీక్షించి, ఎవరిలోనూ లేని సూక్ష్మజీవులు ఈవిడలో దండిగా ఉన్నాయని తను పనిచేసే కంపెనీ యజమాని చెవిన వేసింది. ఇంకేముంది, వడకట్టి, ఎండబెట్టి, పుదీనా వాసన పట్టించి, క్యాప్సూళ్ళు చేసి బంగారు రంగు మూతల సీసాల్లోకి ఎక్కించారు. ఒక్కటి మింగితే చాలు, అవి కడుపులో కాపురం పెట్టేస్తాయి, ఇక జన్మలో వదలవు. ప్రకటనల్లో గొప్పగా చెప్పుకునేది ఈ మాటే.

అత్తగారి కడుపులో ఎలా ఉంటే మింగినవాళ్ళకీ అలాగే ఉండేది. ఆవిడ ఉల్లిపాయలు వేసి బంగాళాదుంపలు వేయించుకు తిన్న రోజున, బస్సులో నిలబడ్డవాళ్ళూ కోర్టులో వాదిస్తున్నవాళ్ళూ ఒకేసారి తేన్చేవారు. కంపెనీకి ఫోను చేస్తే, "ఆవిడ ఇప్పుడే భోంచేశారండీ, కాసేపట్లో సర్దుకుంటుంది" అని చెప్పేవారు. అలాగా అని పెట్టేసేవారు.

ఒకసారి అత్తగారికి జ్వరం తగిలి రెండ్రోజులు ఏమీ తినలేదు. సీసాలు కొన్నవాళ్ళందరికీ నోట్లో ఏం పెట్టుకున్నా సహించలేదు. చిక్కిపోయి, సంబరపడి, దుకాణాల మీద ఎగబడ్డారు. అది చూసి యజమాని వెంటనే కోడల్ని తన గదికి పిలిపించాడు.

"మీ అత్తగారికి ఇకనుంచి అన్నం మాన్పించి, మన కంపెనీ పొడి ఒక్కటే నీళ్ళలో కలిపి ఇవ్వమ్మా. పూటకి రెండు చెంచాలు."

"ఆకలికి ఆగలేరు సార్."

"ఆకలి అనకు. తేలిక అను. సీసా మీద కూడా అదే వేయిస్తున్నాం."

పక్కనున్న ప్రకటనల మేనేజరు ఆ మాట నోట్లో చప్పరిస్తూ తలాడించాడు. కోడలికి రోత పుట్టింది. అయినా సరేనంది, కొత్త ల్యాబుకి పెద్దగా తననే వేస్తామన్నారు మరి. ఇంటికెళ్ళి ఒళ్ళు రుద్దుకుని స్నానం చేసినా తనమీద తనకి పుట్టిన అసహ్యం పోలేదు.

"నీ ఉద్యోగానికి మంచిదైతే తాగుతాలేవే" అంది అత్తగారు. ఆ పొడి సుద్దనీళ్ళలా ఉండేది. చూస్తుండగానే ఆవిడ గోడ పట్టుకుని నడిచే స్థితికి వచ్చింది. వంటింట్లోకి వెళ్ళి, ఖాళీ మూకుడు వాసన చూసి, మళ్ళీ బోర్లించి వచ్చేది. ఊళ్ళోవాళ్ళు మాత్రం అద్దాల ముందు నిలబడి నడుములు తడుముకుని మురిసిపోతున్నారు.

"ఇలాగైతే ఆవిడ బతకరు సార్" అని కోడలు మొరపెట్టుకుంది.

"సన్నగా ఉన్నవాళ్ళే ఎక్కువకాలం బతుకుతారమ్మా" అన్నాడు యజమాని, చిరుతిళ్ళ పళ్ళెం తనవైపు లాక్కుంటూ.

ఆ వారమే 'తేలిక' విడుదల సభ. ప్రతి సభలోనూ ఆయన అందరి ముందూ ఒక క్యాప్సూల్ మింగి చూపిస్తాడు. అందులో ఉండేది ఉత్త పంచదార. ముసలావిడ పేగుల్లోంచి వచ్చింది తను మింగడమా! ఆ పంచదార నింపే పని కోడలిదే. ఈసారి ఆమె పంచదార డబ్బా మూత తియ్యలేదు.

చప్పట్ల మధ్య ఆయన మింగాడు. ఉపన్యాసం సగంలో ఉండగా మొహం వాడిపోయింది. బల్ల మీది కేకు నోట్లో కుక్కుకుని, సహించక రుమాల్లో ఉమ్మేశాడు. తేలికంటే ఇదీ అని జనం ఇంకా గట్టిగా చప్పట్లు కొట్టారు. ఆయన తూలుతూ కోడలి దగ్గరికి వచ్చాడు.

"నాకేం పెట్టావు?"

"మనం అమ్మేదే సార్."

ఆయన సభ వదిలేసి తిన్నగా వాళ్ళింటికి పోయాడు. చొక్కా చేతులు మడిచి, దుంపలు తనే తరిగాడు. అత్తగారు "నువ్వూ కాస్త తిను నాయనా" అంటే, "నాకొద్దండీ, మీరు తినండి, తొందరగా" అని బతిమాలాడు. ఆవిడ మొహంకేసి ఒక్కసారైనా చూడలేదు. ముద్ద నోటిదాకా ఎప్పుడు వెళ్తుందా అని ఆ చేతినే చూస్తూ కూర్చున్నాడు. ఆవిడ నిదానంగా నమిలి మింగింది. ఆయన కుర్చీలో వెనక్కి వాలి, కళ్ళు మూసుకుని గట్టిగా తేన్చాడు. గుమ్మంలో నిలబడ్డ కోడలికి జాలి కలగలేదు, మళ్ళీ రోతే పుట్టింది.

మర్నాటినుంచి 'తేలిక' సీసాలు దుకాణాల్లో కనబడలేదు. తెల్లారగానే బండి మాత్రం వస్తూనే ఉంది. డ్రైవరు కూరగాయల బుట్ట దించి ఉత్త చేతులతో వెళ్ళిపోతాడు.

అత్తగారు గోడ వదిలేసి నడవడం మొదలుపెట్టిన రోజున, కోడలు మిగిలిన పొడి డబ్బాని చెత్తబుట్టలో వెయ్యబోయింది.

"పారెయ్యకే, అలమారలో ఉండనీ" అంది అత్తగారు, మూకుడు పొయ్యి మీద పెడుతూ. "ఆ దుంపలు తరిగిన అబ్బాయి మళ్ళీ వేషాలేస్తే రెండు చెంచాలు కలుపుకుంటాను."