బోటు కట్టేసిన రోజు

చేపల వేట నిషేధం మొదలయ్యే రోజు పొద్దున్నే పోలిరాజు హార్బర్‌కి వెళ్లాడు. ఇక అరవై ఒక్క రోజులు బోటు నీళ్లలోనే ఊరికే పడి ఉండాలి. బోటు కట్టేసే పనులు ఏటా చెల్లెలి భర్త, బావ తాతబాబుతో కలిసి చేసేవాడు. ఇంజన్ సంగతి బావ చూసుకుంటే, తాళ్ల సంగతి తను. నెల కిందట వల లాగుతుండగా కెరటం కొట్టి తాతబాబు సముద్రంలో పడిపోయాడు. ఇప్పటికీ దొరకలేదు.

పోలిరాజు ఐస్ గది కడిగాడు. అడుగున చేరిన నీరు తోడేశాడు. బోటు కింద తిరిగే ఫ్యాను ఇరుసు పక్కనుంచి నీరు ఊరకుండా గ్రీజు కూరాడు కానీ, బోల్టు ఎంత బిగించాలో బావకే తెలుసు. బిగించి, వదులు చేసి, మళ్లీ బిగించి, చేతకాక వదిలేశాడు.

బ్యాటరీ విప్పి ఒడ్డున పెట్టేసరికి చెల్లెలు దేవి క్యారేజీతో జెట్టీ మీదికి వచ్చింది. వరసగా కట్టేసి ఉన్న బోట్లను చూసి ఆగిపోయింది.

"అన్నియ్యా, ఇయ్యాల్నించి ఎవులూ ఎల్లరా?"

"పెద్ద బోట్లేవీ ఎల్లవమ్మా. రెండు నెల్లు."

"మరి ఆయన్ని ఎవులెతుకుతారు?"

పోలిరాజు తాడు చుట్ట విప్పసాగాడు. వేట నుంచి వచ్చిన ప్రతిసారీ, ఇంకా వెతుకుతున్నామనే ఆమెకు చెబుతూ వచ్చాడు.

"నిజం సెప్పు. ఇన్నాళ్లూ ఎతికినావా?"

"నాలుగు రోజులు ఎతికినాను. తరవాత ట్రిప్పుకి వల ఏసీసినాం. బావ పడిపోయిన కాడే ఏసినాం దేవీ. సేపలు అక్కడున్నాయని."

"తెలుసు," అంది దేవి. "ఎతికినోలు అన్నేసి సేపలు తేరు. నాను వండినాను కూడాను."

నెల రోజులుగా చుక్క కన్నీరు కార్చని మనిషి, బోటెక్కి ఇంజన్ పెట్టె మీద తల ఆన్చి వెక్కివెక్కి ఏడ్చింది. పోలిరాజు పక్కనే కూలబడ్డాడు.

చాలాసేపటికి ఆమె ముఖం తుడుచుకుంది. "ఆయనకి దినం, కర్మ సేసీద్దాం. మా అత్తకి నువ్వే సెప్పు. నాను సెప్పలేను."

ఇద్దరూ కలిసి నాలుగు మూలలా తాళ్లు కట్టారు, సముద్రపు పోటుకి తెగకుండా కాస్త వదులుగా.

ఆ సాయంత్రమే పోలిరాజు వెళ్లి, దినం చేసేద్దామన్న మాట తాతబాబు తల్లి పోతమ్మకి చెప్పాడు. ఆమె అంతా విని, "దేవి అన్నం తిన్నాదా?" అని అడిగింది.

"నేదత్తా. ఇయ్యాలే ఏడ్సినాది."

పోతమ్మ కొంగుతో ముఖం కప్పుకుంది.